రెండు దోసిళ్ళ అల్లం

"కెమెరా వాళ్ళొచ్చాక నువ్వు మధ్యలో తిరగకు. ఆ చిరుగుల చొక్కాతో అసలే తిరగకు," అన్నాడు జాంపి, తాగేసిన కాఫీ గ్లాసు పెళ్ళాం చేతికిస్తూ.

మిందు రోలు ముందునుంచి లేవకుండానే గ్లాసు అందుకుంది. తెల్లారకముందే మొదలుపెట్టిన అల్లం ఇంకో బుట్టెడు మిగిలి ఉంది. దంచి దంచి అరచేతులు మండుతున్నాయి, కళ్ళు నీళ్ళు కారుతున్నాయి. చొక్కా మార్చుకోవచ్చు, నిజమే. మార్చుకుంటే ఈ బుట్ట ఎవరు దంచుతారో కూడా ఆయనే చెప్తే బాగుండేది. ఆ మాట పైకి అనలేదు. అన్నా ఆయన దగ్గర జవాబు ఉండదు, కోపం మాత్రం ఉంటుంది. ఎండెక్కేలోగా ఆ కోపాన్ని బుజ్జగించే తీరిక ఆమెకి లేదు.

చూడ్డానికొచ్చేవాళ్ళు నేత అంటే మగ్గం ముందు కూచోవడమే అనుకుంటారు. మగ్గం దాకా రావడానికి ముందు ఎంత చాకిరీ ఉందో చేసేవాళ్ళకే తెలుసు. పత్తి నూలు మహా మొండిది. తొగరు వేరు ఉడికించిన ఎర్రనీళ్ళలో దాన్ని ఎన్నిసార్లు ముంచినా, నాలుగు ఉతుకులకి ఎరుపంతా వదిలేసి పాలిపోతుంది. అందుకని ముందుగా దానికి మందునీళ్ళు పట్టించాలి. అల్లం, ఉప్పు, అడవి గింజల నూనె, మరో రెండు మూడు ఆకులు, వేడినీళ్ళు. అవి సరైన పాళ్ళలో పడ్డాయా, నూలు ఎరుపుని పట్టుకుని మనవరాళ్ళ కాలం దాకా వదలదు. పాళ్ళు తప్పాయా, నూలంతా తెచ్చి ఏట్లో పారేసినట్టే. పైగా ఈ నీళ్ళు కలపడానికి ఇంటికో చెక్కదోనె పెట్టుకునే పని కాదిది. ఒకే కప్పు, ఒకే వసారా, గుమ్మానికో కాపురం చొప్పున ఇరవై ఆరు గుమ్మాలున్న పొడుగిల్లు మొత్తానికీ ఏడాదికి ఒక్క దోనె, ఒక్క రోజు, ఒక్క కొలత. నూలు మాత్రం అందరిదీ. ఆ రోజు కోసం నిరుడు కొండవాలున అల్లం నాటిందెవరు, కలుపు తీసిందెవరు, అడవి పందులు తవ్వేయకుండా కంచె కట్టిందెవరు, గింజలు ఉడికించి ఎండేసి నూనె పిండిందెవరు అని అడిగితే, పెళ్ళై వచ్చిన ఇరవై ఒక్క ఏళ్ళుగా ఒకటే జవాబు. జాంపి పెళ్ళాం మిందు.

కొలత వేసేది మాత్రం జాంపి నాయనమ్మ తంబోంగ్.

బాలే నది పొడుగునా తంబోంగ్ పేరు తెలియని ఆడది లేదంటే అతిశయోక్తి కాదు. పూర్వం మగవాళ్ళు యుద్ధం గెలిచి వస్తే డప్పులు ఎలా మోగించేవారో, మందునీళ్ళ కొలత తెలిసిన ఆడదానికీ అలాగే మోగించేవారు. ఆడవాళ్ళ యుద్ధం ఇదేనని పెద్దలనేవారు. అందులో ప్రాణానికే ముప్పు ఉందని నమ్మకం కూడాను. దేవతలు కలలో కనబడి అనుమతివ్వని చెయ్యి ఆ దోనెలో కొలత వేస్తే, ఆ మనిషి నీళ్ళు లేని మొక్కలా రోజురోజుకీ వాడిపోతుందంటారు. తంబోంగ్ ముప్పై నాలుగో ఏట వేసింది మొదటి కొలత. వాడిపోలేదు. కుడి బొటనవేలికి పచ్చబొట్టు పొడిచి కొలతమ్మ అన్నారు. ఇప్పుడామెకి ఎనభై రెండు. ఆ వేలిప్పుడు ఎండిన చింతకాయలా ఉంటుంది గానీ, ఏ ఊళ్ళో చావుకో పెళ్ళికో వెళ్ళినా అది చూడగానే ఆడవాళ్ళు చాప ఖాళీ చేస్తారు. బియ్యపు కల్లు మొదటి గిన్నె ఆమెకే. ఓసారి ఎగువ నుంచి ఒకామె నూలు నెత్తిన పెట్టుకుని వచ్చి, తంబోంగ్‌కి చెడ్డ కల వచ్చి కొలత వాయిదా వేసిందని తెలిసి, పదకొండు రోజులు వసారాలోనే పడుకుని కాచుకుంది. ఇంకోసారి కన్నకూతురు తెచ్చిన నూలు జిడ్డుగా ఉందని దోనెలో వెయ్యనివ్వలేదు తంబోంగ్. కూతురు నెల రోజులు మాట్లాడలేదు. "మాట్లాడకపోతే పోయె, నూలు ఉతకడం నేర్చుకుంది కదా," అంది తల్లి.

అలాగని తంబోంగ్ ఏమీ సాధువు కాదు. పొగిడితే పొంగిపోతుంది. ఎవరైనా తక్కువ పొగిడితే తక్కువైనంత తనే కలుపుకుంటుంది. "నా ఎరుపు గురించి కింది ఊళ్ళో ఏమనుకుంటున్నారే?" అని అడిగి, చెప్పిందాకా వక్క నమలడం ఆపి చెవి ఒగ్గి కూచుంటుంది. మిందుకి ఆ ముసలావిడ అంటే భయం, కోపం, ప్రాణం. మూడూ ఒకేసారి ఉండొచ్చని ఆమెకి ఈ ఇంటికొచ్చాకే తెలిసింది.

కూచింగ్ నగరం నుంచి చేనేత మీద సినిమా తీసేవాళ్ళు వస్తున్నారని నెల్లాళ్ళ నుంచీ ఇంట్లో ఒకటే సందడి. మాట్లాడింది, రప్పించింది, పడవ పంపింది జాంపి. "మా అవ్వ", "మా ఇంటి పేరు", "మా కొలత" అంటూ ఫోనులో చెప్తుంటే, ఆయనే ఏటా దోనె ముందు కూచుని ఉప్పు చూస్తాడేమో అనిపించేది వినేవాళ్ళకి. చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకోవడం మగవాళ్ళకి కొత్త కాదు. చెట్టుకి నీళ్ళు పోసే మనిషిని పక్కకి జరగమనడమే మిందుకి గుచ్చుకుంది. ఇంతకు ముందోసారి ఎవరో విదేశీ ఆవిడ వచ్చి, "మీరూ నేస్తారా?" అని మిందుని అడిగింది. ఆమె నోరు తెరిచేలోగా జాంపి అందుకున్నాడు. "ఆఁ, అవ్వకి సాయం చేస్తూ ఉంటుంది," అన్నాడు. సాయం! రోలు ముందు కూచున్నప్పుడల్లా ఆ మాటని కూడా అల్లంతో పాటు వేసి దంచుతూ ఉంటుంది మిందు. అత్తగారు బతికున్నన్నాళ్ళూ, "మా అత్తది దేవతలిచ్చిన చెయ్యి, నీది రోకలి చెయ్యి," అనేది. జాంపి చెల్లెలు లులోంగ్ అయితే, "నీకేం వదినా, అవ్వ నీడన చల్లగా ఉన్నావు," అంటుంది. ఆ నీడలో ఎంత చెమట పట్టిందో ఎవరూ అడగలేదు.

అంతకన్నా పెద్ద సంగతి ఇంకొకటుంది. అది ఎవరికీ తెలియదు.

ఏడేళ్ళ క్రితం తంబోంగ్‌కి జ్వరం వచ్చింది. పదిహేను రోజులకి తగ్గింది గానీ, లేచాక అన్నం తింటూ మొహం చిట్లించి, "ఉప్పు వెయ్యలేదేం?" అంది. మిందు వేసింది. మర్నాడూ అలాగే అంది. మూడో రోజు ఏమీ అనలేదు, ఎండుచేప ముక్క నోట్లో పెట్టుకుని చాలాసేపు గోడకేసి చూస్తూ కూచుంది. ఆ ఏడాది దోనె రోజు రానే వచ్చింది. సొరబుర్ర గరిటెతో మందునీళ్ళు నాలిక మీద వేసుకుని తంబోంగ్ కళ్ళు మూసుకుంది. ఆడవాళ్ళంతా ఊపిరి బిగబట్టారు. మామూలుగా అయితే గబుక్కున తెరిచి ఏదో ఒకటి చెప్పే మనిషి, ఎంతకీ కళ్ళు తెరవదు. ఎడమపక్కన గరిటె పట్టుకుని కూచున్న మిందుకి ఒక్కసారిగా అంతా అర్థమైంది. కలుపుతూ కలుపుతూ తను ముందే రుచి చూసింది, ఉప్పు తక్కువగా ఉంది. ఏం చెయ్యాలో తోచక ముసలావిడ మోకాలు ఒకసారి నొక్కింది. తంబోంగ్ కళ్ళు తెరవకుండానే, "ఉప్పు," అంది.

అప్పటినుంచి ఏటా అంతే. ఒక నొక్కు ఉప్పు, రెండు నొక్కులు అల్లం, నొక్కకపోతే సరిపోయినట్టు. ఈ ఏడేళ్ళలో ఇద్దరూ ఆ సంగతి ఒక్కసారి కూడా మాట్లాడుకోలేదు. ఏడుసార్లూ ఎరుపు నిప్పులా పట్టింది. ఏడుసార్లూ బాలే నది మీద పడవలెక్కి పరుగెత్తింది తంబోంగ్ పేరు. "ఈ వయసులో కూడా ఏం నాలిక!" అని ఆడవాళ్ళు ముక్కున వేలేసుకుంటుంటే, మిందు పక్కనే కూచుని గిన్నెలు కడుక్కునేది. తను ఏమైనా అడిగిందా, అరిచిందా? వాళ్ళు నవ్వుతుంటే కలిసి నవ్వింది. ఒంటరిగా ఏటికి వెళ్ళినప్పుడు మాత్రం, నాది, ఆ నాలిక నాది, అని నీళ్ళకి చెప్పుకునేది. కష్టం ఒకరిది, పేరు ఇంకొకరిది. ఇంట్లో మగవాళ్ళు దోచుకుంటే లోకరీతి అని సర్దుకోవచ్చు. తోటి ఆడదీ ఇలాగే చేస్తే ఎవరికి చెప్పుకోవాలి?

సినిమా వాళ్ళు పొద్దున్నే దిగారు. ఇద్దరూ ఆడపిల్లలే. దోనె దగ్గరికి మగవాళ్ళు రాకూడదని జాంపి ముందే చెప్పి ఉంటాడు. పెద్దపిల్ల పేరు మెలిస్సా, నగరంలో పుట్టి పెరిగిన మన తెగ పిల్లే. మాట తేనె. వసారా మధ్యలో దోనె పెట్టారు. ముగ్గులా పరిచిన పాత దుప్పట్ల మీద దేవతలకి అన్నం, గుడ్లు, కల్లు పెట్టి పిలుపు పాట పాడారు. కోడిని కోశారు. ఇరవై ముగ్గురు ఆడవాళ్ళు ఉతికి ఆరేసిన నూలు కట్టలు, చిలపలంటారు వాటిని, ఒళ్ళో పెట్టుకుని చుట్టూ కూచున్నారు. కొందరు ఏడాది పొడుగునా రబ్బరు చెట్లు గీసి వచ్చి, పిల్లల్ని పడుకోబెట్టి, మిగిలిన వేళల్లో సిద్ధం చేసుకున్న నూలు అది. కొత్తగా పెళ్ళైన ఒక పిల్ల మొదటిసారి తెచ్చింది. ఎవరైనా లాక్కుపోతారేమో అన్నట్టు రెండు చేతులా పట్టుకుని కూచుంది. మగవాళ్ళు వసారా అటు చివర గీత గీసినట్టు ఆగి నిలబడ్డారు. వాళ్ళలో ముందు వరసలో జాంపి, ఇస్త్రీ చొక్కాలో.

మిందు వేడినీళ్ళు పోసింది. అల్లం కలిపింది, నూనె పోసింది, ఉప్పు వేసింది. ఆకులు వేసి కర్రతో తిప్పి, వేలు ముంచి నాలిక మీద రాసుకుంది. అల్లం చాలలేదు. ఈ ఏడు వానలెక్కువై దుంపలన్నీ నీరుపట్టి చప్పబడ్డాయని ఆమెకి తవ్విన రోజే అనుమానం. రెండు దోసిళ్ళు తక్కువ, కచ్చితంగా రెండు. దంచిన అల్లం ఇంకా బుట్టలో ఉంది కాబట్టి బెంగలేదు. గరిటె తీసుకుని ఎప్పటిలా వెళ్ళి తంబోంగ్ ఎడమపక్కన కూచుంది.

"అక్కా, మీరు కొంచెం పక్కకి వస్తారా? అవ్వ మొహం మీద మీ నీడ పడుతోంది," అంది మెలిస్సా.

మిందు కదల్లేదు. "నేను గరిటె అందించాలమ్మా."

"అవ్వే తీసుకుంటారు కదా! ఆవిడొక్కరే కనిపిస్తే బాగుంటుంది."

"జరుగు మిందూ!" అని అటు చివరనుంచి జాంపి కేక. "పొద్దున్నే చెప్పానా నీకు?"

నలుగురిలో మొగుడు కేకేస్తే ఒళ్ళు చచ్చిపోతుంది. ఎన్నేళ్ళైనా అలవాటు కాదది. గరిటె అవ్వ చేతికిచ్చి లేచి, నాలుగు బారల దూరంలో అల్లం బుట్ట పక్కన నిలబడింది. తంబోంగ్ ఒకసారి ఎడమకేసి చూసింది, ఖాళీ చాప కనిపించింది. తరవాత కెమెరాకేసి చూసింది. నడుము నిటారు చేసింది. ఆ ముసలి మొహంలో ఒక వెలుగు వచ్చింది, మిందు ఈ జన్మలో మరిచిపోలేని వెలుగు. యుద్ధానికి దిగిన మనిషిలా ఉంది. సొరబుర్ర గరిటె ముంచి నాలిక మీద పోసుకుంది, కళ్ళు మూసుకుంది, తెరిచింది.

"చాలు," అంది. "నూలు తెండి."

ఆడవాళ్ళంతా ఒక్కసారి ఊపిరి వదిలారు. మిందు బుట్టలో మిగిలిన అల్లంకేసి చూసింది.

ఆ తరవాతి కాసేపట్లో ఆమె మనసులో తిరిగినవన్నీ చెప్పుకుంటే ఆమెకే సిగ్గు. అయినా చెప్పుకోవాలి. మొదట అనిపించింది, పోనీ అని. పోతే పోనీ, నన్నెవరంటారు? జరగమన్నారు, జరిగాను. రేపు ఎరుపు పట్టకపోతే ఏడేళ్ళుగా ముక్కున వేలేసుకున్న వాళ్ళే ఆ వేలితో ముసలావిడని చూపిస్తారు. అప్పుడు తెలుస్తుంది ఆ నాలిక ఎవరిదో. ఆ ఊహ తీయగా కూడా ఉంది, అబద్ధమాడి లాభం లేదు. ఇంతలో కొత్తపిల్ల తన చిలపని ముద్దుపెట్టుకుని దోనెకేసి చెయ్యి చాపింది. మిందు గొంతులోంచి మాట తన ప్రమేయం లేకుండానే వచ్చేసింది.

"ఆగండి! చాలలేదు."

వసారా మొత్తం ఆమెకేసి తిరిగింది. దోనె ముందు కొలతమ్మ మాటకి ఎదురు చెప్పడం ఇరవై ఆరు గుమ్మాల్లో ఎవరూ ఎరుగనిది.

"ఏంటే నీ వాగుడు!" అన్నాడు జాంపి. గీత దాటబోయి, పక్కవాళ్ళు చెయ్యి పట్టుకుంటే ఆగాడు. "అవ్వకి చెప్పేదానివయ్యావా? క్షమించాలమ్మా, మా ఆవిడకి పొద్దుటి నుంచీ పని ఒత్తిడి..."

"వదినా, నీకేమైనా పిచ్చా?" అంది లులోంగ్, నూలు గుండెలకి హత్తుకుంటూ.

మెలిస్సా బిక్కమొహం వేసింది. "ఇంకోసారి మొదటినుంచి చేద్దామా? అవ్వ రుచి చూసే దగ్గర్నుంచి?"

"ఇదేం వంటల పోటీ కాదమ్మాయ్," అంది తంబోంగ్. ఆమె కళ్ళు మిందు మీదే ఉన్నాయి. "ఏం తక్కువే?"

"అల్లం."

"ఎంత?"

"రెండు దోసిళ్ళు."

"అయితే వెయ్యి."

మిందు బుట్ట ముందుకి జరిపింది. "నువ్వు వెయ్యవ్వా. నేను అందిస్తాను, నువ్వే వెయ్యి."

"ఎందుకూ? పోతే నా పేరు పోవాలనా?" అంది తంబోంగ్. అరవలేదు, ఎకసెక్కెమూ లేదు, పక్కింటావిడతో బియ్యం ధర చెప్పినట్టు అంది. "ఏడేళ్ళ నుంచి నా పేరు పణం పెట్టి ఆడావు పిల్లా. బాగా ఆడావు. ఒక్కసారి కూడా ఓడలేదు. ఇవాళ నీది పెట్టి ఆడు."

ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. తంబోంగ్ చుట్టూ కూచున్నవాళ్ళకేసి తిరిగింది. "వినండర్రా. ఆ జ్వరంలో నా నాలిక చచ్చింది. ఉప్పుకీ మట్టికీ తేడా తెలీదు నాకు. ఏడేళ్ళుగా మీరు చూసిన ఎరుపంతా ఈ పిల్ల కొలతే. ఇది మోకాలు నొక్కేది, నేను నోరు తెరిచేదాన్ని. మీరు పొగిడారు, నేను పుచ్చుకున్నాను. కమ్మగా ఉండేది, అబద్ధమెందుకు? ఆ పొగడ్త ఒక్కటే నాకు రుచి తెలిసేది." మిందుకేసి వేలు చూపించింది. "కానీ ఒక్కటి చెప్తాను. ఒకవేళ ఏ ఏడైనా పోయుంటే, ఇరవై ఇళ్ళ ఆడవాళ్ళు నా గుమ్మం ముందు మట్టి చల్లి పోయేవాళ్ళు. దీన్నెవరూ పల్లెత్తు మాటనేవాళ్ళు కాదు. ఇవాళ కెమెరా ముందు నాకే మతి తప్పింది. పక్కన చెయ్యి లేదని తెలిసీ, ఏదో ఒకటి చెప్పెయ్యాలనిపించింది. అంత చెడ్డది ఈ పేరు. ఇక నా వల్ల కాదు."

మిందుకి ఏటిగట్టు గుర్తొచ్చింది. ఏడేళ్ళుగా తన సొమ్మెవరో ఎత్తుకుపోతున్నారని ఏటి నీళ్ళకి ఫిర్యాదు చేసుకుంది. ఆ ఏడేళ్ళూ ప్రతి కొలతకీ తను హాయిగా ఇంటికెళ్ళి గిన్నెలు కడుక్కుంది. తప్పైతే ఏమవుతుందన్న భయం ఒక్క పూట కూడా తన గడప తొక్కలేదు. ఆ భయాన్ని ఎనభై ఏళ్ళ మనిషి, రుచి తెలియని నోటితో, ఎవరి చేతి నొక్కునో నమ్ముకుని ఒంటరిగా మోసింది. నమ్మకం అంటే అది కదా! మొగుడు ఏనాడైనా అంత నమ్మాడా? కూర బావుందో లేదో కూడా పక్కింటి వాళ్ళు చెప్పాకే తలూపే మనిషి. తన నాలిక విలువ ఈ లోకంలో ఒక్కరికి తెలుసు, ఆ ఒక్క మనిషీ దాని మీద తన బతుకంతా పెట్టింది. కోపం ఎక్కడికి పోయిందో తెలియలేదు. అయితే చాకిరీ సంగతి మరిచిపోయిందనుకునేరు, ఆ లెక్క ఆ లెక్కే. రోకలి చెయ్యి అన్న మాటా, సాయం అన్న మాటా ఎక్కడివక్కడే ఉన్నాయి.

"నూలు వెనక్కి తీసుకునేవాళ్ళుంటే తీసుకోండి," అంది మిందు. తన గొంతు తనకే కొత్తగా ఉంది. "నేను కొలతమ్మని కాదు. నాకు పచ్చబొట్టు లేదు, కల రాలేదు. నా నాలిక చెప్తోంది రెండు దోసిళ్ళని. పట్టకపోతే నేనే జవాబుదారీ. అవ్వ కాదు, మా ఆయనా కాదు."

ముందుగా లేచింది లులోంగ్. "ఏమీ అనుకోకు వదినా, నా రెక్కల కష్టం ఇది," అని చిలపలు చంకన పెట్టుకుని వెళ్ళి గోడవార నిలబడింది. మిందు తలూపింది. ఒకరు లేస్తే అందరూ లేస్తారని ఆమెకి తెలుసు. కళ్ళెత్తి చూసే ధైర్యం లేక దోనెలోకే చూస్తూ నిలబడింది. ఎంతసేపటికీ చాప మీద ఇంకో అడుగు చప్పుడు వినబడలేదు. చివరికి ఒక నడివయసామె విసుక్కుంది. "నీళ్ళు చల్లారుతున్నాయి. నువ్వు వేస్తావా, మేం వంటకి పోవాలా?"

మిందు బుట్టలో చేతులు ముంచి ఒక దోసిలి వేసింది. వాడిపోయే మాట గుర్తొచ్చింది. రెండో దోసిలీ వేసింది.

నూలుని మందునీళ్ళలో తొక్కారు, తిప్పారు, పిండారు. అక్కడితో అయిపోలేదు. మందు పట్టిన నూలుని వెలుపలి వెదురు మంచె మీద పరిచి పదహారు రోజులు ఎండకీ మంచుకీ వదలాలి. వాన చుక్క పడకూడదు. ఆ పదహారు రోజులూ కొలతమ్మ మంచె వదిలి కదలకూడదని ఆచారమేమీ లేదు. కానీ నలభై ఎనిమిదేళ్ళుగా తంబోంగ్ కదలగా ఎవరూ చూడలేదు. ఆకాశంకేసి చూస్తూ, చిలపలు తిరగేస్తూ, కూచునే కునుకు తీసి ఉలిక్కిపడి లేచేది. అదంతా ముసలావిడ చాదస్తం అనుకునేది మిందు. ఇప్పుడు తను కూచుని చూస్తే తెలిసింది. ఇరవై రెండిళ్ళ ఆడవాళ్ళ నూలు కళ్ళముందు పరుచుకుని ఉంటే రెప్ప వాలదు. వాలితే కలలో కూడా అదే, తెల్లగా పాలిపోయిన నూలు. ఆ పదహారు రోజులూ తంబోంగ్ మాత్రం వసారాలో కాళ్ళు చాపుకుని పట్టపగలు గుర్రుపెట్టి నిద్రపోయింది. గోడల అవతల వాళ్ళు కూడా ఆ గురకకి నవ్వుకున్నారు.

"ఇంట్లో అన్నం వండేవాళ్ళెవరూ లేరా?" అని మూడో రోజు జాంపి వచ్చి అడిగాడు.

"ఉన్నావుగా," అంది మిందు, చిలప తిరగేస్తూ.

"నలుగురిలో నా పరువు తీశావు."

"నలుగురిలో నన్ను జరగమంది ఎవరు?"

ఆ పూట వసారా అంతా మాడిన వాసన వచ్చింది. మర్నాటికి కొంచెం తగ్గింది. వారం తిరిగేసరికి ఆయన అన్నం మెత్తగా వార్చడం నేర్చుకుని, ఒక ఆకులో పెట్టి తెచ్చి మంచె అంచున ఉంచి వెళ్ళిపోయాడు. మిందు తింది. ఉప్పు ఎక్కువైంది. చెప్పలేదు.

పదకొండో రోజు మధ్యాహ్నం దిగువనుంచి ఒక్కసారిగా మబ్బు కమ్మింది. ఇరవై రెండిళ్ళ నూలు, రెండు చేతులు. మిందు లేచి నిలబడి గట్టిగా ఒక్క కేక వేసింది. ఎవరి పేరూ పిలవలేదు. అన్నాల వేళ అది. మొగుళ్ళ ముందు సగం వడ్డించిన కంచాలు అలాగే వదిలేసి, గరిటెలు చేతుల్లోనే పట్టుకుని, పొడుగిల్లు ఆ చివర్నుంచి ఈ చివరదాకా ఆడవాళ్ళు పరుగెత్తుకొచ్చారు. వెదురు మంచె ఊగిపోయింది. అందరికన్నా ముందు వచ్చి చిలపలు ఎత్తుకున్నది లులోంగ్.

"నీవి లేవుగా ఇందులో!" అంది మిందు, రొప్పుతూ.

"అందుకే చేతులు ఖాళీగా ఉన్నాయి. మాట్లాడక అందించు," అంది లులోంగ్.

మొదటి చినుకు పడేసరికి మంచె ఖాళీ. లోపల నూలు మధ్యన ఒకరిమీద ఒకరు పడి నవ్వుతున్న ఆ ఆడవాళ్ళని చూస్తూ మిందు గోడకి జారబడింది. ఏటి మీద పడవల్లో తిరిగే మాటలు కావాలని ఏడేళ్ళు ఏడ్చింది తను. అవి దక్కినా ఇంత సుఖంగా ఉండేవి కావేమో. ఒక్క కేకకి కంచాలు వదిలి పరుగెత్తి రావడం, అదీ మొగుడు పిలిచాడని కాదు, పిల్లాడు ఏడ్చాడని కాదు, తన మాట మీద. అంతలోనే, ఎరుపు పట్టకపోతే రేపు వీళ్ళందరికీ ఏం మొహం చూపించాలన్న భయమూ పట్టుకుంది.

పదిహేడో రోజు పొద్దున తొగరు వేరు ఉడికించి, మచ్చుకి ఒక చిలప ముంచారు. మిందు తన నూలే ముంచింది. నానబెట్టి, ఆరబెట్టి, ఏటికి తీసుకెళ్ళి అందరి ముందూ రాయి మీద ఉతికింది. ఒకసారి, రెండుసార్లు, అయిదుసార్లు. నీళ్ళు తేటగా పారాయి. చిలప మాత్రం అప్పుడే కోసిన గాయంలా ఎర్రగా మెరుస్తోంది. కొత్తపిల్ల ఏడ్చేసింది. ఎవరో లోపలికి పరుగెత్తి గోడకున్న డప్పు దించి వాయించడం మొదలుపెట్టారు. జాంపి ఎక్కడ నిలబడాలో తెలియక వాళ్ళ వెనకాల నిలబడ్డాడు.

తడి చిలప పట్టుకుని మిందు తంబోంగ్ దగ్గరికి వెళ్ళింది. ముసలావిడ దాన్ని కళ్ళకి దగ్గరగా పెట్టుకుని, వెలుతురులో తిప్పి, బొటనవేలితో రుద్ది చాలాసేపు చూసింది. పొగుడుతుందేమోనని మిందు చిన్నపిల్లలా ఎదురుచూసింది.

"ఈ పదహారు రోజులూ నిద్ర పట్టిందా?" అంది తంబోంగ్.

"లేదవ్వా. ఒక్క పూటా లేదు."

"ఇక ఏ ఏడూ పట్టదులే," అంది ముసలావిడ, ఆ తడి చేతిని ఆమె తల మీద పెట్టి.